రెండు ప్రదర్శనలతో ముగిసిపోతున్న పిల్లల నాటకాలు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హైదరాబాద్ విద్యానగర్‌లో చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడతాను, ఫాల్, పికో చేస్తాను. మా పెద్దమ్మాయి ఈ నగరంలోనే ఒక విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో పీజీ రెండో సంవత్సరం చదువుతోంది. మా తోటికోడలి కొడుకు ఇంకో విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ చదువుతున్నాడు. ఆ విశ్వవిద్యాలయాల పేర్లు రాయను. మా అమ్మాయి స్నేహితులు, వేరే చోట్ల చదివేవాళ్ళు కూడా, ఇవే ఇబ్బందులు చెబుతున్నారు. అలాంటప్పుడు ఒక్కరి మీద నింద వెయ్యడం న్యాయం అనిపించదు.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. నెలల తరబడి పిల్లలు చెమటోడ్చి తయారు చేసిన నాటకం రెండు ప్రదర్శనలతో ముగిసిపోతోంది. అది కనీసం పది చోట్ల ఆడాలి. దానికి విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వం, మీ పత్రిక తలో చెయ్యి వెయ్యాలి.

ఇవి పీజీ ప్రవేశ పరీక్షల రోజులు. షాపుకు వచ్చే తల్లులు అడుగుతున్నారు, "నాటకాలకు కూడా చదువు ఉంటుందా అక్కా?" అని. "సినిమాల్లోకి పంపుతున్నావా?" అని ఇంకొందరు. వాళ్ళను తప్పు పట్టను. చుట్టాల్లో, ఇరుగుపొరుగులో ఎవరూ చదవని చదువంటే ఎవరికైనా భయమే. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసి, ఇక నాటకం చదువుతానని చెప్పినప్పుడు ఆయన ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. కొన్నాళ్ళు ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. ఇప్పుడు రిహార్సల్ ఆలస్యమైతే బండి వేసుకుని బస్టాపుకు వెళ్ళి నిలబడేది ఆయనే.

నాటకాల చదువులో ఏం చెబుతారో తెలియక భయపడే తల్లిదండ్రుల కోసం నాకు తెలిసినంత రాస్తాను. పొద్దున్నే ఒంటికి కసరత్తు. తర్వాత ఊపిరి, గొంతు. అరవకుండానే చివరి వరుసలో కూర్చున్న ముసలాయనకు కూడా ప్రతి అక్షరం వినపడేలా మాట్లాడటం నేర్పుతారు. ఇంట్లో అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వేమన పద్యాన్ని ఒక్క ఊపిరితో చెబుతుంటుంది. ఒక పేపరులో భరతుడి నాట్యశాస్త్రం, ఇంకో పేపరులో రష్యా నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నటన నేర్పిన పద్ధతి, వాటితో పాటు మన చిందు యక్షగానం, ఒగ్గు కథ, వీధి భాగవతం. లైటింగ్, సెట్టు, మేకప్, దుస్తులు, దర్శకత్వం అందరూ నేర్చుకోవాలి, నటన ఒక్కటే వస్తే చాలదు. నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు విధాలని ఉంది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఆహార్యం అంటే వేషం, అలంకారం. మా అమ్మాయి నోట్సులో ఆ వాక్యం చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన దగ్గర్నుంచి గుడ్డ కత్తిరిస్తున్నాను. నేను చేసే పనిని పూర్వం ఎవరో పండితుడు నటనలోనే లెక్కవేశాడని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నిరుడు ఏప్రిల్‌లో వాళ్ళ క్లాసు వేసిన నాటకానికి దుస్తులు నేనే కుట్టాను. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల కథ అది. పిల్లలే రాసుకున్నారు. తెల్లవారుజామున కూలీల అడ్డాకు వెళ్ళి, పని దొరకక మిగిలిపోయిన వాళ్ళ పక్కన కూర్చుని, చాయ్ తాగుతూ మాట్లాడి రాసుకొచ్చారు. మా అమ్మాయికి రెండు వేషాలు. ఒక సీనులో తట్ట మోసే కూలి, వెంటనే వచ్చే సీనులో అదే ఫ్లాటు కొనడానికి వచ్చిన ఆఫీసరు భార్య. మధ్యలో వింగ్‌లో, అంటే స్టేజీ పక్కన తెర చాటున, చీర మార్చుకోవడానికి ఒక పాట చరణం పాడినంత సమయమే ఉంటుంది. అంత తక్కువ సమయంలో చీర కట్టుకోవడం కుదరదు. అందుకని కుచ్చిళ్ళు పెట్టి, కుట్టేసి, నడుముకు పట్టీ వేశాను. పట్టీకి ముందు వెల్‌క్రో పెట్టాం. డ్రెస్ రిహార్సల్‌లో స్టేజీ మీద అందరూ మౌనంగా నిలబడే చోట వింగ్‌లోంచి చర్రుమని శబ్దం వచ్చింది. వెల్‌క్రో ఊడదీసి టిచ్ బటన్లు కుట్టాను. చీకట్లో వేలికి తగలాలని ఒక్కో బటన్ పక్కన లావు దారంతో చిన్న ముడి వేశాను. అమ్మాయి కళ్ళు మూసుకుని ఇంట్లో ప్రాక్టీసు చేసింది, మా చిన్నది పక్కన కూర్చుని పాట పాడుతుంటే.

లైట్లు చూసుకునే పిల్లవాడిది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. "ఆంటీ, గుడ్డ కొనకముందే ముక్కలు తెచ్చి చూపెట్టండి" అన్నాడు. సుల్తాన్ బజార్‌లో కట్ పీసులు ఏరుకుని తీసుకెళ్ళాను. హాల్లో లైట్లన్నీ ఆర్పి, ఎర్ర లైటు ఒక్కటే వేసి, ఒక్కో ముక్క పట్టుకోమన్నాడు. నేను ముచ్చటపడి తెచ్చిన చిలకపచ్చ రంగు నల్లగా అయిపోయింది. తెల్లది ఎర్రబడింది. పసుపుకూ ఎరుపుకూ తేడా తెలియలేదు. ఎర్ర వెలుగులో ఆకుపచ్చ ఉండదు, లేని రంగును గుడ్డ తిప్పి పంపలేదు, అందుకే నల్లగా కనపడుతుందని ఓపికగా చెప్పాడు. షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి కొన్న చీర ఇంటికెళ్ళాక వేరే రంగులో కనపడుతోందని గొడవపడే కస్టమర్లకు ఇప్పుడు నేను ఆ పాఠమే చెబుతున్నాను. నాటకాల చదువంటే ముఖానికి రంగు పూసుకోవడమే అనుకునేవాళ్ళు ఆ పిల్లవాడి పక్కన ఒక పూట కూర్చుంటే బాగుండు.

ఇక ప్రదర్శన. మొదటి రాత్రి క్లాస్‌మేట్లు, సీనియర్లు, అధ్యాపకులు, మాలాంటి కొందరు తల్లిదండ్రులు వచ్చారు. మేస్త్రీ కూలి డబ్బులు లెక్కపెట్టి, వేలు తడుపుకుంటూ ఒక్కో నోటు వెనక్కి లాక్కునే సీను ఉంది. హాలంతా నవ్వింది. ఆ వేషం వేసిన అబ్బాయి ఆ నవ్వుకు తగ్గట్టు ఆగి, తర్వాతి డైలాగు చెప్పాడు. రెండో రాత్రి హాస్టల్ మెస్సులో వంట చేసే ఆడవాళ్ళు, కాపలావాళ్ళు కొందరు వచ్చి వెనక వరుసల్లో కూర్చున్నారు. అదే సీను, అదే వేలు తడుపుకోవడం. ముందు వరుసల్లో కొద్దిమంది నవ్వి ఆగిపోయారు. వెనక నుంచి ఒక్క శబ్దం లేదు. నవ్వు వస్తుందని ఆగిన అబ్బాయికి ఏం చెయ్యాలో తోచలేదు. డైలాగు తొందరగా అనేశాడు. పక్కనున్న అమ్మాయి మాట దాని మీద పడింది. బయట ఉన్న నాకే గుండె దడదడలాడింది.

ఆట అయ్యాక పిల్లలంతా మేకప్ తుడుచుకోకుండానే చెట్టు కింద కూర్చుని ఆ ఒక్క సీను గురించే మాట్లాడుకున్నారు. మొదటి రాత్రి నవ్వు సరైనదా, రెండో రాత్రి మౌనం సరైనదా? వెనక కూర్చున్నవాళ్ళకు అది నవ్వులాట ఎందుకు కాలేదు? మేస్త్రీ అంత హాస్యంగా ఉండాలా? ఎంతో బాగా మాట్లాడుకున్నారు. రేపు ఇలా చేసి చూద్దాం అనుకోవాల్సిన చోట ఆగిపోయారు. రేపు లేదు. పొద్దున్నే సెట్టు స్క్రూలు ఊడదీశారు. ప్లైవుడ్ తర్వాతి ప్రొడక్షన్‌కు వెళ్ళిపోయింది. నేను దుస్తులు ఉతికి ఆరేసి, కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో సర్దాను.

ఎందుకు రెండే అని అమ్మాయిని అడిగాను. మార్కులు మొదటి ప్రదర్శనతోనే పడిపోతాయి. హాలు ఇంకో బ్యాచ్‌కు కావాలి. పరీక్షలు దగ్గరపడతాయి. డబ్బు ఎప్పుడూ చాలదు. గుడ్డకు, చెక్కకు, లైట్ల అద్దెకు పిల్లలు చందాలు వేసుకున్నారు. నేను కూలి తీసుకోలేదు కాబట్టి కొంత గట్టెక్కారు. బయట వేద్దామంటే హాలు అద్దె, డిపాజిట్, సౌండుకు వేరే, సామాను తరలించే ఆటో ట్రాలీకి వేరే. అధ్యాపకులకు ఇష్టం లేక కాదు. ఎవరి చేతిలోనూ లేని పనిలా తయారైంది.

కానీ జనం ముందు ఆడి ఆడి నేర్చుకునే విద్య ఇది. సురభి నాటక కుటుంబాల వాళ్ళను చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాలు తరాల తరబడి ఊరూరా డేరాలు వేసుకుని, రాత్రి తర్వాత రాత్రి ఆడుతూ వచ్చాయి. ఇవాళ శేరిలింగంపల్లిలో వాళ్ళ కాలనీ ఉంది. అక్కడి పిల్లలు నడక రాకముందే బాలకృష్ణుడి వేషంలో స్టేజీ ఎక్కుతారు. కూర్చున్న జనం ఊపిరిని బట్టి డైలాగు ఎక్కడ ఆపాలో వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రజా నాట్యమండలి వాళ్ళు 1940లలో పల్లెపల్లెకూ తిరిగి ఆడారు. మా నాన్న నల్గొండ దగ్గర పల్లెలో పద్య నాటకం అంటే పక్క ఊరికి నడిచి వెళ్ళి తెల్లవార్లూ చూసేవాడు. పద్యం బాగుంటే వన్స్ మోర్, బాగా లేకపోతే మొహం మీదే చెప్పడం. ఆ నటులకు మార్కులు వేసింది జనమే. అసలు తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకు మొదలు 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో వేయించిన నాటకం. విద్యార్థులతో మొదలైన నాటకం విద్యార్థుల దగ్గరే ఇట్లా తలుపులు మూసుకుని ఉండిపోవడం నాకు బాధగా ఉంది.

మూడో ప్రదర్శన కోసం నేనే ప్రయత్నించాను. వినాయక చవితికి మా గల్లీలో మండపం పక్కన స్టేజీ వేస్తారు. ఒక సాయంత్రం పాటల ప్రోగ్రాం బదులు మా పిల్లల నాటకం పెట్టమని యూత్ అసోసియేషన్ అబ్బాయిలను అడిగాను. వాళ్ళు నా షాపు ముందే కూర్చునే పిల్లలు, కాదనలేకపోయారు. సెట్టు లేదు. లైట్లంటే మండపం సీరియల్ బల్బులు, రెండు ఫోకస్ లైట్లు. ట్రంకు తెరిచి దుస్తులు తీసి ఇస్త్రీ చేశాను. పిల్లలు నాటకాన్ని ముప్పావు గంటకు కుదించుకున్నారు. హారతి అయ్యాక మొదలుపెట్టారు. ప్రసాదం కోసం వచ్చినవాళ్ళు నిలబడిపోయారు, కూరగాయల బండి ఆయన బండి పక్కకు పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు.

మా సందు చివర గదిలో ఒక అవ్వ ఉంటుంది. పాలమూరు జిల్లా మనిషి. వయసులో ఉన్నప్పుడు ఇక్కడికి కూలికి వచ్చి, బిల్డింగుల దగ్గరే బతుకంతా గడిపింది. ఆట అంతా నిలబడే చూసింది. అయిపోయాక స్టేజీ దగ్గరికి వచ్చి మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "మంచిగ జేసినవ్ బిడ్డా, కని తట్ట గట్ల ఎత్తుతె మెడ ఇరుగుతది" అంది. అక్కడున్న తట్ట తీసుకుని చూపించింది. ముందు చుట్టబట్ట తల మీద సర్దుకుంది. తట్టను మోకాలి మీదికి, అక్కడి నుంచి రొమ్ము దాకా, ఆ తర్వాతే తల మీదికి. ఎత్తేటప్పుడు నడుము తిరగలేదు, మోకాళ్ళే లేచాయి. నడిచేటప్పుడు కళ్ళు నేల మీద పెట్టదు, కాళ్ళతోనే దారి తడుముకుంటుంది. "సెంట్రింగు చెక్క మీద కిందికి జూస్తె కండ్లు తిరుగుతయ్" అంది. తర్వాత అమ్మాయి కొంగు పట్టుకుని, "ఇది గిట్ల ఏలాడితె సువ్వలకు తట్టుకుంటది" అని కొంగు బిగించి నడుములో చెక్కింది. నేను కొంగును అందంగా జారేలా పిన్ను పెట్టి కుట్టాను. ఆ రాత్రే పిన్ను కుట్టు విప్పి, కొంగు పొడవు తగ్గించాను. అమ్మాయి వారం రోజులు ఇంట్లో బియ్యం బుట్టతో ఆ ఎత్తడం సాధన చేసింది. ఆ తర్వాత నాలుగో ప్రదర్శన దొరకలేదు.

ఆ అవ్వ నేర్పింది ఏ సెమిస్టర్‌లో వస్తుంది? ఆమెను క్లాసుకు పిలవమని నేను అనడం లేదు. నాటకం ఆమె ఉన్న చోటికి పోతే చాలు, ఆమె తనంతట తానే నేర్పుతుంది. బస్తీలో ఆడిన ఆ ముప్పావు గంటలో మేస్త్రీ వేషం అబ్బాయి కూడా ఆ నోట్ల సీను వేరేగా చేశాడు. వేలు తడుపుకోలేదు. నెమ్మదిగా, మామూలు పనిలాగా ఒక్కో నోటు తీసేశాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. చెట్టు కింద ఏప్రిల్‌లో వాళ్ళు మాట్లాడుకున్నది సెప్టెంబరులో జరిగింది, అదీ వినాయకుడి మండపం దొరికింది కాబట్టి.

హాళ్ళ సంగతి. రవీంద్రభారతి 1961లో టాగోర్ శతజయంతి గుర్తుగా కట్టింది. నగరానికి గర్వకారణం, అందులో ఒక్కసారైనా ఆడాలని ప్రతి పిల్లా కలగంటుంది. కానీ వెయ్యి మంది దాకా పట్టే హాలు. వంద మంది చూసే విద్యార్థుల నాటకం అందులో వేస్తే కుర్చీలు బోసిగా కనపడతాయి. పైగా అంత దూరానికి వినపడాలని మైకులు పెడతారు. మైకు వచ్చిందంటే ఏడాదంతా నేర్చుకున్న గొంతు సాధనకు పని ఉండదు, స్పీకర్‌లోంచి అందరి గొంతూ ఒక్కలాగే వస్తుంది. ఈ చదువుకు కావలసింది వంద, నూటయాభై మంది కూర్చునే, మైకు అవసరం లేని గది. నల్ల తెరలు, సరిపడా లైట్లు, ఆడవాళ్ళు దుస్తులు మార్చుకోవడానికి గడియ పడే తలుపున్న గ్రీన్ రూము. అంతే. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం 2010 నుంచి ఆరుబయట నాటకాలకు చోటిస్తోంది. అలాంటివి ఇటు ముషీరాబాద్, అంబర్‌పేట, మలక్‌పేట వైపు కూడా ఉండాలి. బల్దియా కమ్యూనిటీ హాళ్ళు ఎన్నో ఉన్నాయి. పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు లేని రోజుల్లో వాటిని విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఉచితంగానో, కరెంటు ఖర్చు మాత్రమే తీసుకునో ఇవ్వొచ్చు. ఒక్కో హాల్లో నాలుగు లైట్లు, ఒక తెర శాశ్వతంగా పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ప్రదర్శన వేళ గురించి కూడా చెప్పాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. నాటకం చూడాలనుకునే మాలాంటి వాళ్ళకు ఇది ఎంత పెద్ద సదుపాయమో! కానీ ఏడున్నరకు మొదలై పది దాటాక ముగిస్తే ఆ బస్సు దొరకదు. ఆరింటికి మొదలుపెడితే ఇంటికి వచ్చి అన్నం వండుకోగలం.

కమ్యూనికేషన్ చదివే పిల్లల మాట ఇక్కడే రావాలి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో సరోజినీ నాయుడు పేరున్న స్కూల్లో నాటకం, నృత్యం, చిత్రకళ, కమ్యూనికేషన్ ఒకే కప్పు కింద ఉన్నాయి. 90.4 ఎఫ్ఎం మీద వాళ్ళ సొంత కమ్యూనిటీ రేడియో కూడా ఉంది. 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయంలో, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టిన దానిలో, రంగస్థల కళలూ ఉన్నాయి, జర్నలిజమూ ఉంది. ఇన్ని ఉన్న నగరంలో మా తోటికోడలి కొడుకు తన ప్రాజెక్టుకు డాక్యుమెంటరీ ఏం తియ్యాలా అని నెలంతా వెతికాడు. మా అమ్మాయి క్లాసు తమ నాటకం రికార్డు చేసేవాళ్ళు లేక ఒక ఫోన్‌ను కుర్చీకి కట్టి తీసుకుంది. ఒకే ఇంట్లో పండక్కి కలిసి భోజనం చేసే ఇద్దరు పిల్లలు చదువులో ఒకరికొకరు తగలరు. నాటకం కథను రేడియో నాటకంగా మలిచి కమ్యూనిటీ రేడియోలో వేస్తే ఒకరికి గొంతు పని, ఇంకొకరికి సౌండు పని. బస్తీల్లో ప్రదర్శనలు కుదర్చడం, పోస్టర్లు, చూసినవాళ్ళ అభిప్రాయాలు సేకరించడం ఇవన్నీ కమ్యూనికేషన్ పాఠాలే కదా. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. తమ పాట, తమ విత్తనం, తమ మాట తామే ప్రసారం చేసుకుంటున్నారు. డిగ్రీలు లేని ఆడవాళ్ళు చేసి చూపించిన పని ఇది. ఇన్ని విశ్వవిద్యాలయాలున్న నగరంలో మన పిల్లలు ఎందుకు చెయ్యలేరు?

ఉద్యోగం సంగతి అడుగుతారని తెలుసు. నెట్ పరీక్షలో నాటకానికి సబ్జెక్టు ఉంది, రాసి లెక్చరర్ కావచ్చు. కొందరు సీనియర్లు డబ్బింగులో, వెబ్ సిరీసుల దగ్గర సహాయ దర్శకులుగా, ప్రైవేటు స్కూళ్ళలో పిల్లలకు నాటకం నేర్పేవాళ్ళుగా ఉన్నారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా సంగీతం, నృత్యం, చిత్రకళతో పాటు నాటకం కూడా ఉండాలని చెప్పింది. ప్రభుత్వ బడుల్లో ఆ పోస్టులు పెడితే ఈ పిల్లలకు తిండికి లోటుండదు. దాని గురించి నాకన్నా బాగా రాయగలవాళ్ళు ఉన్నారు. నాకు తెలిసింది ఒకటి: పది చోట్ల ఆడి, పది రకాల జనాన్ని చూసిన పిల్ల ఎక్కడికి ఇంటర్వ్యూకు వెళ్ళినా తడబడదు.

విశ్వవిద్యాలయాల పెద్దలను అడుగుతున్నాను. మార్కులు మొదటి రాత్రికే వెయ్యకండి. బయట వేసే ప్రదర్శనలకు కూడా క్రెడిట్లు ఇవ్వండి. ప్రదర్శన ప్రదర్శనకూ నాటకంలో ఏం మార్చారో పిల్లల చేత రాయించండి. సెట్టు ఆటో ట్రాలీలో పట్టేంత చిన్నగా చెయ్యమనండి. ప్రయాణ ఖర్చుకు కొంత కేటాయించండి. భాషా సాంస్కృతిక శాఖ వారు ఏడాదికి ఒకసారి అన్ని విశ్వవిద్యాలయాల విద్యార్థి నాటకాలను కలిపి జిల్లాలకు పంపే ఏర్పాటు చెయ్యాలి. ఏప్రిల్ 16, కందుకూరి వారి పుట్టినరోజును తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. సన్మానాలూ ఉపన్యాసాలూ ఉండనివ్వండి. ఆ రోజు నుంచి ఒక నెల పాటు విద్యార్థుల నాటకాలు బస్తీల్లో ఆడించండి.

సంపాదకులు గారూ, మీ సిటీ పేజీలో సినిమా వార్తలకు, ఫ్యాషన్ షోలకు రోజూ చోటు ఉంటోంది. విద్యార్థుల నాటకం ఎక్కడ, ఎన్ని గంటలకు అని నాలుగు లైన్లు వేస్తే మా గల్లీ ఆడవాళ్ళు చూసుకుని వస్తారు. వీలైతే ఒక విలేకరి వచ్చి చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే ఎక్కడ బాగా లేదో రాయాలి. పిల్లలు పొగడ్త అడగడం లేదు. ఈ ఏప్రిల్‌లో మా అమ్మాయి వాళ్ళు ఇంకో నాటకం వేస్తున్నారు, కొలతలు తీసుకోవడం ఈ వారమే మొదలుపెట్టాను. తేదీలు ఖాయం కాగానే మీ కార్యాలయానికి కార్డు పంపిస్తాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
విద్యానగర్, హైదరాబాద్